వాడు తాగింది నా పాలే

ఏడేళ్ళుగా ఒక పసివాడి ఏడుపు నా చెవిలో ఉంది. ఎదురుగా విన్నది కాదు, ఫోన్లో విన్నది. ఇన్నేళ్ళూ దాన్ని మోస్తూనే వంట చేశాను, పెళ్ళిళ్ళకి వెళ్ళాను, నవ్వాను, పాపని బడికి పంపాను. పోయిన వారం దాకా ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా. ఈ రోజు దించుతున్నాను. మీ కాళ్ళ దగ్గర కాదు, మీ కళ్ళ ముందు. కాళ్ళ దగ్గర దించితే క్షమించమని అడిగినట్టు ఉంటుంది. నేను అడగడం లేదు.

నేను చేసినవి రెండు పనులు. ఒకటి, పై అంతస్తులో ఉండే ఆవిడ కొడుక్కి, ఆమెకి తెలియకుండా నా పాలిచ్చాను. దానికి నేను సిగ్గుపడను. రెండోది వేరే. దాని దగ్గరికి రావడానికి నాకు కొంచెం సమయం పడుతుంది. కాస్త ఓపిక పట్టండి.

నా పేరు చెప్పను. మిగతావాళ్ళ పేర్లు మార్చాను.

మారతహళ్ళిలో మేముండే బిల్డింగ్ మా ఆయన మేనమామది. కింద పార్కింగ్ వెనకాల రెండు గదులు మావి. మోటార్ వెయ్యడం, నీళ్ళ ట్యాంకర్ వస్తే గేటు తియ్యడం, మెట్లు కడిగించడం నా పని. అందుకు మాకు అద్దె లేదు. మా ఆయనకి పీణ్యలో ఒక చిన్న కార్ఖానాలో లేత్ మిషన్ మీద పని. అది ఊరికి ఆ కొస, మేము ఈ కొస. తెల్లవారకముందే వెళ్ళి పొద్దుపోయాక వస్తాడు. నాది హిందూపురం. డిగ్రీ అక్కడే, తెలుగు మీడియంలో చదివాను. అత్తగారిల్లు ఆనేకల్.

రెండో అంతస్తులో సింధు, కిరణ్. విజయవాడ వైపు వాళ్ళు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్. మా పాపకి నాలుగు నెలలప్పుడు సింధుకి బాబు పుట్టాడు. పురుడు పోసుకుని పుట్టింటి నుంచి వచ్చిన రోజే ఆమె ముఖం చూసి నాకు అర్థమైంది, పాలిచ్చే కష్టం తెలిసిన ముఖం అది. చనుమొనలు చిట్లి నెత్తురు వచ్చేది. బాబు నోరు పెట్టగానే పళ్ళు బిగబట్టి కాలి వేళ్ళు ముడుచుకునేది. ఒకసారి రొమ్ములో పాలు గడ్డకట్టి జ్వరం వచ్చింది. వేడినీళ్ళ గుడ్డతో నేనే కాపడం పెట్టాను. బిడ్డని ఎలా ఒరిగించి పట్టుకోవాలో, మొన ఒక్కటే కాకుండా చుట్టూ నల్లటి భాగమంతా నోట్లోకి వెళ్ళేలా ఎలా అందించాలో పక్కన కూర్చుని చూపించాను. నాకు మా అమ్మ చూపించినట్టే. అప్పటి నుంచి నేను ఆమెకి అక్కనయ్యాను.

ఆమె మొండిది. డబ్బా పాలు పడదామని కిరణ్ అంటే ఒప్పుకోలేదు. ఆరు నెలలూ తల్లిపాలే పట్టమని డాక్టరు చెప్పిందట. పిల్లలకి జబ్బులు తగ్గుతాయని, తల్లి ఒంటికీ మంచిదని చెప్పిందట. ఇన్నాళ్ళలో వాడికి జలుబు కూడా రాలేదని సింధు గర్వంగా చెప్పేది. ఆ గర్వం నాకు ఇష్టం. అంత నొప్పి పడ్డాక ఆ మాత్రం గర్వం ఉండకూడదా?

సింధు సెలవు అయిపోయింది. వాడికి ఐదో నెల. పగలంతా నేను చూసుకోవాలి, నెలకి ఇంత అని ఇస్తారు. సంతోషంగా ఒప్పుకున్నాను. ఎలాగూ మా పాపతో ఇంట్లోనే ఉంటాను కదా.

పాలు పిండే మిషన్ ఒకటి కొనుక్కుంది సింధు. ఆఫీసులో తల్లుల కోసం ఒక గది ఉందట. దాని తాళం చెవి ఎవరినో అడిగి తీసుకోవాలట. మీటింగ్ మధ్యలో ఆమె లేస్తే ఒకరిద్దరు గడియారం చూసుకునేవారట. అక్కడ తలుపేసుకుని, ఫోన్లో బాబు ఫొటో చూసుకుంటూ, ఆ మిషన్ చప్పుడులో కూర్చుని పిండుకునేది. బాబు ఫొటో చూస్తే పాలు కొంచెం ఎక్కువ వస్తాయని చెప్పేది. ఆ సీసాలు ఐస్ పెట్టిన సంచిలో రింగ్ రోడ్డు ట్రాఫిక్కంతా దాటి ఇంటికి వచ్చేవి. మర్నాడు పొద్దున ఆఫీసుకి వెళ్తూ నా చేతికి ఇచ్చేది. బంగారం ఇచ్చినట్టు రెండు చేతులతో ఇచ్చేది.

వాడు వాటిని ముట్టలేదు.

మొదటి రోజు సీసా నోటికి తగలగానే తల తిప్పేశాడు. ఉగ్గుగిన్నెతో పోస్తే ఉమ్మేశాడు. చెంచాతో పట్టాను, అదీ అంతే. అలవాటు పడతాడులే అనుకున్నాను. రెండో రోజు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టు నిద్రపోయాడు, లేచి మళ్ళీ ఏడ్చాడు. ఆ రెండు రోజులూ సాయంత్రం సింధుకి నిజమే చెప్పాను, సరిగా తాగలేదని. ఆమె చెప్పులు కూడా విప్పకుండా వాడిని ఒళ్ళోకి తీసుకుని, మా గుమ్మంలోనే కూర్చుని పాలిచ్చింది. ఇస్తూ ఏడ్చింది. మూడో రోజు వాడు మామూలుగా ఏడవలేదు. సన్నగా, గీరుకుపోయిన గొంతుతో ఏడ్చాడు. పిల్లలున్న ఏ ఆడదానికైనా ఆ గొంతు తెలుస్తుంది.

నాకు పాలు చేపుకొచ్చాయి. నేను పిలవలేదు, అవే వచ్చాయి. జాకెట్ ముందంతా తడిసిపోయింది. వాడు నా భుజం మీద ఉన్నాడు, ఆ వాసనకి తల తిప్పి నా రొమ్ము వెతుక్కున్నాడు. ఆ క్షణంలో నేను ఏం ఆలోచించానని చాలాసార్లు నన్ను నేను అడిగాను. ఎంత అడిగినా జవాబు ఒకటే. ఏమీ ఆలోచించలేదు. గోడకి ఆనుకుని కూర్చుని వాడికి ఇచ్చాను. గటగటా తాగాడు. వాడి చెయ్యి నా మంగళసూత్రం పట్టుకుంది. ఎన్నాళ్ళ తరువాతో అన్నం చూసినవాడిలా తాగి, నోరు తెరుచుకుని నిద్రపోయాడు.

దీన్ని తప్పంటారా? అనండి. ఆకలితో ఉన్న బిడ్డని ఒళ్ళో పెట్టుకుని, నా దగ్గర పాలుండి, తల్లి సాయంత్రం వచ్చేదాకా ఏడవనివ్వడం ఒప్పా? ఈ రోజు మళ్ళీ ఆ గోడ దగ్గర కూర్చోబెట్టినా నేను అదే చేస్తాను. ఈ మాట కొట్టెయ్యమని ఎవరు చెప్పినా కొట్టెయ్యను.

కానీ అక్కడితో ఆగలేదు.

సింధు ఇచ్చిన పాలు వేడినీళ్ళలో పెట్టి వెచ్చబెట్టి ఉన్నాయి. ఒకసారి వెచ్చబెడితే మళ్ళీ దాచకూడదని ఆమె చెప్పింది. సింకు దగ్గరికి తీసుకెళ్ళాను. వంచలేకపోయాను. తాళం వేసిన గదిలో ఫొటో చూసుకుంటూ కూర్చున్న మనిషి కళ్ళ ముందు కనిపించింది. నా కాళ్ళ దగ్గర మా పాప పాకుతూ వచ్చి సీసా కోసం చెయ్యి చాపింది. దానికి అప్పటికి తొమ్మిదో నెల, ఏది ఇచ్చినా తాగుతుంది. ఇచ్చాను. మొత్తం తాగి మూతి తుడుచుకుంది.

ఆ సాయంత్రం ఖాళీ సీసాలు కడిగి సింధు చేతికి ఇచ్చాను. ఆమె వాటిని వెలుతురుకి ఎత్తి చూసింది. "తాగేశాడా అక్కా? మొత్తం?" అంది. "తాగినాడు" అన్నాను. నా భుజం మీద తల పెట్టి నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. నిజం చెప్పాలంటే అప్పుడే చెప్పాలి. ఒక్క వాక్యం. ఆ ముఖం చూసి చెప్పలేకపోయానని ఇన్నాళ్ళూ నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం, చెబితే ఆమె వద్దంటుందని భయం. వద్దంటే వాడు మళ్ళీ ఏడుస్తాడు. ఇంకా లోపలికి వెళ్తే, వద్దంటే నాకూ బాధగా ఉంటుంది. వాడి బరువు అప్పటికే నా ఒడికి అలవాటైపోయింది.

అలా రోజూ జరిగింది. ఆమె కొడుక్కి నా పాలు, నా కూతురికి ఆమె పాలు. తెల్లవారుజామున, సాయంత్రం మా పాపకి నేనే ఇచ్చేదాన్ని. పగలంతా వాడికి. ఇద్దరు పిల్లలు పీలిస్తే ఒళ్ళు ఎలా ఉంటుందో తెలుసా? కళ్ళు తిరిగేవి. వీపు రెండుగా విరిగినట్టుండేది. పెద్ద రాగి ముద్ద తిని గంట కాకముందే మళ్ళీ ఆకలి. మా పాపకి పళ్ళొచ్చి కొరికేది. మా ఆయన నన్ను చూసి, ఏమైంది ఇంత చిక్కిపోయావని అడిగితే, ఎండలని చెప్పాను. మా పాప విషయంలో నేను చేసింది కూడా తక్కువేం కాదు. నా పక్కన ఇంకొకడు తాగుతుంటే అది సీసా పట్టుకుని చూస్తూ ఉండేది. ఆ చూపుకి నేను తల పక్కకి తిప్పుకునేదాన్ని.

జబ్బులు పాల ద్వారా కూడా రావచ్చని నాకు చాలా తర్వాత తెలిసింది. నాకు ఏ జబ్బూ లేదు, సింధుకీ లేదు. అది మా అదృష్టం, నా జాగ్రత్త కాదు. బిడ్డ ఏం తాగుతున్నాడో తెలుసుకునే హక్కు తల్లికి ఉంది. ఆ హక్కు నేను తీసేసుకున్నాను. దీన్ని మంచితనం కింద కప్పను.

ఇంకొకటి కూడా కప్పను. ఒకరోజు సింధు పైకి పిలిచింది. వాళ్ళ అత్తగారు వీడియో కాల్లో ఉంది. మనవడిని ఎత్తుకున్న మనిషిని చూపించమందట. ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసి, నవ్వుతూనే, "మీరేమిట్లు అమ్మా?" అని అడిగింది. మా కులం చెప్పాను. నవ్వు అలాగే ఉంది, కళ్ళు మారాయి. కోడలితో అంటున్నట్టు, నాకు వినపడేలాగే, "పర్లేదులే, పాలు సీసాలో మనింటి నుంచే వెళ్తున్నాయి కదా" అంది. సింధు ముఖం ఎర్రబడింది. ఫోన్ పక్కకి తిప్పేసి నాకు కళ్ళతోనే క్షమాపణ చెప్పింది.

వాడు అప్పుడు నా చంకలో ఉన్నాడు, కడుపు నిండా నా పాలతో. వాడి పెదవి చివర ఇంకా తడి ఉంది.

నాకు నవ్వొచ్చింది. మెట్లు దిగుతూ నవ్వుకున్నాను. ఆ రోజు నుంచి వాడికి పాలిచ్చేటప్పుడు జాలి ఒక్కటే లేదు. కసి కూడా ఉంది. తాగు, బాగా తాగు అనుకునేదాన్ని. పసివాడి ఆకలిలో నా పంతం కలిపాను. అది మంచి పని కాదని నాకు తెలుసు. అయినా ఆ కసి నాకు ఎక్కడిది? దాన్ని నాకు ఇచ్చినవాళ్ళు ఎవరు? వాళ్ళెవరూ ఇలా కూర్చుని ఒప్పుకోలు రాయడం నేను చూడలేదు.

సెలవు రోజుల్లో ఇంట్లో కిరణ్ సీసా పట్టబోతే వాడు అరిచి గోల చేసేవాడు. సింధు నవ్వుతూ కిరణ్‌ని ఆటపట్టించేది, అక్క దగ్గర నేర్చుకో అని. కిరణ్ చిన్నబుచ్చుకునేవాడు. కొడుకుకి తన చేతి మీద నమ్మకం లేదనుకునేవాడు. అదీ నేను చూస్తూ ఊరుకున్నాను.

ఇక ఆ రెండోది.

సింధుకి చెన్నైలో రెండు రోజుల పని పడింది. కస్టమర్ ముందు మొత్తం ఆమే చెప్పాలి. అది బాగా జరిగితే టీమ్ ఆమె చేతికి వస్తుంది. వెళ్ళనా వద్దా అని నన్ను అడిగింది. నేనే వెళ్ళమన్నాను. రాత్రి కూడా వాణ్ణి నా దగ్గరే పడుకోబెట్టుకుంటానని మాటిచ్చాను. ఆ ధైర్యంతోనే వెళ్ళింది. ఫ్రిజ్ నిండా సీసాలు పెట్టి, పొద్దున్నే బాబుని నా చేతికి ఇచ్చి, వాడి పాదాలు ముద్దుపెట్టుకుని క్యాబ్ ఎక్కింది.

ఎండ ఇంకా గేటు దాటి లోపలికి రాకముందే ఆనేకల్ నుంచి ఫోన్. మా అత్తమ్మ బాత్‌రూమ్‌లో జారిపడింది, తుంటి ఎముక విరిగింది, వెంటనే రమ్మని మా ఆడబిడ్డ. మా ఆయన పీణ్య నుంచి అటే వస్తున్నాడు. వెళ్ళక తప్పదు. కిరణ్ దిగి వచ్చేలోపు బాబుకి కడుపునిండా ఇచ్చాను.

వాణ్ణి కూడా తీసుకుపోతానని కిరణ్‌తో అన్నాను. ఆస్పత్రికి పసివాణ్ణి వద్దన్నాడు. తండ్రిగా సరిగ్గానే అన్నాడు. సెలవు పెడతాను, పాలున్నాయి కదా, మీరు నిశ్చింతగా వెళ్ళండి అన్నాడు. వాడిని ఆయన చేతుల్లో పెట్టాను. అక్కడ చెప్పాలి. మా గుమ్మంలో, ఇద్దరమే ఉన్నాం, పక్కన ఎవరూ లేరు. మా పాపని చంకన వేసుకుని బస్సెక్కాను.

మధ్యాహ్నం మొదటి ఫోన్ వచ్చింది. నేను ఆస్పత్రి వరండాలో ఉన్నాను. లోపల అత్తమ్మని ఆపరేషన్‌కి సిద్ధం చేస్తున్నారు. బెంచీ మీద మా ఆడబిడ్డ, ఇద్దరు పిన్నత్తలు, మా ఆయన మేనమామ. ఆ మేనమామే మా ఇంటి ఓనరు.

"అక్కా, వీడు అస్సలు పట్టట్లేదు. మీరు ఎలా పడతారు? ఏమన్నా ట్రిక్ ఉందా?" కిరణ్ గొంతులో ఇంకా నవ్వు ఉంది.

"తాగుతాడులేప్పా. ఆకలైతే వాడే తాగుతాడు. గట్టిగా ఎత్తుకోని, కిటికీ పరదా వేసి పట్టు."

సాయంత్రం మళ్ళీ చేశాడు. ఈసారి నవ్వు లేదు. పొద్దున నుంచి రెండు చెంచాలు కూడా లోపలికి పోలేదన్నాడు. సింధుకి చెప్పలేదు, ప్రెజెంటేషన్ ఉంది, టెన్షన్ పడుతుంది అన్నాడు. మాట్లాడుతుండగా వెనక నుంచి ఆ ఏడుపు వినిపించింది. సన్నగా. గీరుకుపోయిన గొంతు. మూడో రోజు ఏడుపు.

నాకు పాలు చేపుకొచ్చాయి. అందరి మధ్యలో, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉండగా. కొంగు లాగి కప్పుకున్నాను. ఆడబిడ్డ నా వైపు చూసి, "ఏమొదినా, ఒళ్ళంతా తడిసి ఉండాది, పాప లోపల నిద్రపోతా ఉండాది కదా" అంది.

ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్ళందరి ముందూ ఏం చెప్పాలి? పక్కకి వెళ్ళి చెప్పొచ్చు కదా? వెళ్ళొచ్చు. మెట్ల దగ్గర ఎవరూ లేరు. బస్సెక్కితే ఎక్కువ దూరం కూడా కాదు, అత్తమ్మ దగ్గర అంతమంది ఉన్నారు. వాడిని పట్టుకుని ఆనేకల్ రమ్మని కిరణ్‌కి చెప్పొచ్చు. ఇవన్నీ అప్పుడే నా బుర్రలోకి వచ్చాయి. తరువాత వచ్చాయని చెబితే అబద్ధం. చెబితే మేనమామ ఏమంటాడు, ఇల్లు ఖాళీ చెయ్యమంటాడా, మా ఆయన ముఖం ఎలా పెట్టుకుంటాడు, ఆ వీడియో కాల్ ఆవిడ ఏమంటుంది, పోలీసులని అంటారా. అన్నీ లెక్క వేశాను. వాడి ఆకలి కూడా ఆ లెక్కలో వేశాను. ఒక్కరోజుకి ఏమీ కాదులే అని తేల్చాను.

"ఓపిక పట్టప్పా" అన్నాను. "నా దగ్గర కూడా మొదట ఇట్లే చేసినాడు. తాగుతాడు."

ఇదీ నా తప్పు. పాలివ్వడం కాదు. తడిసిన జాకెట్ కొంగుతో కప్పుకుని ఆ మాట అనడం.

మర్నాడు పొద్దున వాడు ఏడవడం కూడా మానేశాడు. కళ్ళు లోతుకు పోయాయి, డైపర్ పొడిగా ఉంది. కిరణ్ ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు. సెలైన్ ఎక్కించారు. చిన్న చేతికి నరం దొరక్క కాలికి సూది వేశారట. సింధు ప్రెజెంటేషన్ వదిలేసి మొదటి విమానానికి వచ్చేసింది. నాకు కబురు తెలిసి నేను వెళ్ళేసరికి సాయంత్రమైంది. మంచం మీద ఒరిగి కూర్చుని వాడికి పాలిస్తోంది. వాడు తాగుతున్నాడు. కాలికి అట్ట కట్టి ఉంది. సింధు చొక్కా ముందంతా తడిసి, ఆరి, మరకలు కట్టి ఉంది.

నన్ను చూసి చెయ్యి చాపింది.

"మీ తప్పేం లేదక్కా. నాదే. నేను వెళ్ళకుండా ఉండాల్సింది. వాడు నా మీద అలిగాడు" అంది.

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. ఆ గదిలో నేను ఎంతసేపు ఉన్నానో తెలియదు, ఒక్క మాట కూడా అనలేదు.

వాడు కోలుకున్నాడు. సింధు ఉద్యోగం మానేసింది. టీమ్ వేరే వాళ్ళకి వెళ్ళింది. ఇంకో రెండేళ్ళు వాడికి పాలిచ్చింది, ఎవరైనా ఆపమంటే ఊరుకునేది కాదు. కిరణ్ చాలాకాలం వాడికి చెంచాతో ఏదైనా పెట్టడానికి కూడా జంకేవాడు. తరువాత వాళ్ళు హైదరాబాద్ వెళ్ళిపోయారు. పుట్టినరోజులకి ఫొటోలు పంపేది. ఆ రోజు సంగతి ఎప్పుడు వచ్చినా తన తప్పు అనే చెప్పేది. నేను వింటూ ఉండేదాన్ని. వాడికి కొంచెం జ్వరం వచ్చినా, బడిలో వెనకబడినా, ఆ రెండు రోజుల వల్లే అనుకునేది. నేను వింటూ ఉండేదాన్ని. మూడేళ్ళ కిందట మళ్ళీ ఉద్యోగంలో చేరింది, తనకంటే చిన్నవాళ్ళ కింద. మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కింది. ఇప్పుడు బాగా ఉంది.

పోయిన వారం ఫోన్ చేసింది. పొద్దున పదింటికి, నేను బియ్యం ఏరుతున్నాను. మా పాపకి సెలవు, నా పక్కన కూర్చుని బొమ్మలకి రంగులు వేస్తోంది. సింధుకి మళ్ళీ నెల తప్పిందట. నాకు చాలా సంతోషమైంది. అప్పుడు చెప్పింది.

"ఈసారి ఉద్యోగానికి ముందే పేపర్స్ పెట్టేస్తున్నా అక్కా. రిస్క్ తీసుకోను. అప్పుడు ఒక మీటింగ్ కోసం వాణ్ణి ఎండగట్టేశాను."

చేటలో నా చెయ్యి ఆగిపోయింది. రెండోసారి. నా మౌనం ఆమెని రెండోసారి ఇంట్లో కూర్చోబెట్టబోతోంది.

"నువ్వేం ఎండగట్టలేదు సింధూ. వాడు నా దగ్గర ఒక్క దినం కూడా సీసా పట్టలేదు."

"అంటే?"

"నా పాలు తాగినాడు. దినమూ. నువ్వు ఆఫీసు నుంచి వచ్చేదాకా."

అటు వైపు కుక్కర్ కూత వినిపించింది. ఇంకోటి. ఎవరో స్టవ్ ఆపారు.

"మరి నా పాలు?"

"మా పాప తాగింది."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"కిరణ్ ఆ రోజు మీకు ఫోన్ చేశాడు కదా అక్కా. రెండుసార్లు చేశాడు కదా."

"చేసినాడు."

"అప్పుడు?"

"అప్పుడూ చెప్పలేదు. తెలిసే చెప్పలేదు."

ఫోన్ పెట్టేసింది.

అప్పటి నుంచి మళ్ళీ మాట లేదు. నేను చేస్తే ఎత్తలేదు. ఒకసారే చేశాను, ఇక చెయ్యను. ఆమెకి కోపం ఉండాలి. ఏడేళ్ళు తన మీద పెట్టుకున్న కోపమంతా ఇప్పుడు నా మీద పెట్టుకోనీ, అది రావలసిన చోటుకే వస్తోంది. ఉద్యోగం మానేస్తుందో లేదో నాకు తెలియదు. మానెయ్యకూడదని నా కోరిక. ఆ కోరిక కోరే అర్హత నాకు లేదనకండి. ఉంది. నేనే చెడగొట్టాను కాబట్టి ఇంకా ఎక్కువ ఉంది.

ఆమె పెట్టేశాక కూడా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను. మా పాప రంగు పెన్సిల్ పక్కన పెట్టి నన్నే చూస్తోంది. అంతా వింది.

"నేను ఆ ఆంటీ పాలు తాగినానా?"

"తాగినావు."

"నీ పాలు వాడు తాగినాడా?"

"తాగినాడు."

దాని గడ్డం ముందుకు వచ్చింది. దానికి కోపం వస్తే అంతే, అచ్చం నాకులాగే.

"నన్నడిగినావా?"

నవ్వబోయాను. అప్పుడు నువ్వు పాకే పిల్లవి, నిన్నేం అడుగుతానని అనబోయాను. దాని ముఖం చూసి ఆగిపోయాను.

"లేదు" అన్నాను. "నిన్ను అడగలేదు. ఆంటీని అడగలేదు. ఎవర్నీ అడగలేదు."

ఆ మాట అంత తేలిగ్గా నా నోట్లోంచి వస్తుందని నాకు తెలియదు. మా పాప ఇంకా గడ్డం దించలేదు. నేను బియ్యం చేట మళ్ళీ ఒళ్ళోకి లాక్కున్నాను.